మీరు దారి ఎప్పుడు మార్చుకున్నారు?

(దుకాణాలు, ప్రైవేటు ఆసుపత్రులు, చిన్న కార్యాలయాలలో పనిచేసే మహిళల కోసం విజయవాడలో ఒక ఆదివారం సాయంత్రం జరిగిన సమావేశంలో, లైంగిక వేధింపుల ఫిర్యాదులను విచారించే కార్యాలయాల అంతర్గత కమిటీలలో బయటి సభ్యురాలిగా పనిచేస్తున్న ఒక న్యాయవాది చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక గోడకు ఆనుకుని నిలబడినవారు దయచేసి ముందుకు రండి. ఇక్కడ రెండు వరసలు ఖాళీగా ఉన్నాయి. వారంలో ఆరు రోజులు కౌంటరు వెనక నిలబడే ఉంటారు, ఇక్కడ కూడా నిలబడాలా? కూర్చోండి. పాపను ఒడిలో కూర్చోబెట్టుకోండి అమ్మా. ఏడిస్తే ఏడవనివ్వండి, నాకు ఇబ్బంది లేదు.

ఒక ప్రశ్న అడుగుతాను. మీరు పనిచేసే చోట కొత్తగా ఒక అమ్మాయి చేరింది అనుకోండి. చేరి మూడు రోజులైంది. మధ్యాహ్నం అందరూ క్యారియర్లు విప్పుకుని కూర్చున్నారు. అప్పుడు ఆ అమ్మాయిని పక్కకు పిలిచి, గొంతు తగ్గించి మీరు చెప్పే మాట ఒకటి ఉంటుంది. ఏమిటది?

ఎవరో అన్నారు, కొంచెం గట్టిగా చెప్పండి. "స్టోరు గదిలోకి ఆయన పిలిస్తే ఒక్కదానివే వెళ్ళకు." సరే. ఇంకా? "లిఫ్టులో ఆయన ఉంటే మెట్లెక్కి రా." ఆ చివర నుంచి? "ఫోను నంబరు అడిగితే నాన్నగారి నంబరు ఇవ్వు." చూడండి, నిమిషం కాలేదు, మూడు వచ్చాయి. మీరు ముగ్గురూ వేర్వేరు చోట్ల పనిచేసేవారు. ఒకరికొకరు పరిచయం కూడా లేదు. అయినా ముగ్గురి దగ్గరా ఆ మాట సిద్ధంగా ఉంది.

వేధింపు మొదట్లో ఎలా ఉంటుందో, దాని గుర్తులు ఏమిటో చెప్పమని నన్ను ఇక్కడికి పిలిచారు. ఆ గుర్తులు మీకు నేను నేర్పాలా? మీకు తెలుసు. తెలిసిన దాన్ని ఒక జాగ్రత్త మాటగా మార్చి, కొత్తగా వచ్చిన పిల్ల చేతిలో పెడుతున్నారు. ఆ పిల్ల రేపు ఇంకొక పిల్ల చేతిలో పెడుతుంది. ఒక మనిషి గురించి కొత్తవాళ్ళను హెచ్చరించవలసి వస్తోందంటే, ఆ చోట వేధింపు మొదలై ఎన్నాళ్ళయిందో ఆలోచించండి. మీరు చెప్పిన ఆ జాగ్రత్త మాటే అన్నిటికన్నా పెద్ద గుర్తు. అది అందరి నోళ్ళలోనూ ఉంటుంది. ఒక్క కాగితం మీద మాత్రం ఉండదు.

నా సంగతి చెబుతాను. లా చదవడానికి ముందు రెండేళ్ళు ఒక కార్యాలయంలో టైపిస్టుగా పనిచేశాను. ఏ కార్యాలయమో చెప్పను. అక్కడ ఒక అధికారి ఉండేవారు. యాభై దాటిన మనిషి, నుదుట విభూతి, మెత్తని మాట. ఫైలు పట్టుకుని ఆయన గదిలోకి నేను వెళ్ళిన ప్రతిసారీ రెండు నిమిషాలలో అటెండరుగా చేసే పెద్దావిడ వచ్చేది. చేతిలో టీ గ్లాసో, తుడిచే గుడ్డో ఉండేది. వచ్చి బల్ల తుడిచేది. తుడిచిన చోటే మళ్ళీ తుడిచేది. నేను బయటికి వచ్చేదాకా తుడుస్తూనే ఉండేది. "ఎన్నిసార్లు తుడుస్తావు?" అని ఆయన విసుక్కునేవారు. "దుమ్ము పడుతోంది సార్" అనేది. నిజం చెప్పాలంటే నాకు కూడా ఆమె మీద కొంచెం చిరాకుగా ఉండేది, మాట్లాడే మధ్యలో ఈమె ఎందుకు వస్తుందా అని.

లా కాలేజీలో సీటు వచ్చి, ఉద్యోగం మానేసిన రోజున ఆమె నన్ను మెట్ల దగ్గర ఆపింది. "నీతో కలిపి ఎనిమిది మంది పిల్లలమ్మా. మొదటి పిల్ల విషయం నాకు ఆలస్యంగా తెలిసింది. ఆ తరవాత నుంచి తుడుస్తున్నాను" అంది.

ఆమెకు నేను ఈ రోజుకీ చేతులెత్తి దణ్ణం పెడతాను. నన్ను కాపాడింది ఆమె. కానీ ఆలోచించండి. ఎనిమిది మంది పిల్లలకు, అన్నేళ్ళకు కలిపి ఆ కార్యాలయంలో ఉన్న రక్షణ ఏమిటి? ఒక చిన్న ఉద్యోగి చేతిలో ఒక గుడ్డ ముక్క. పై అధికారులు ఉన్నారు, సూపరింటెండెంటు ఉన్నారు, సంఘం ఉంది. వారిలో ఒక్కరికీ తెలియదని నేను అనుకోను. ఆయన రిటైరైన రోజు పూలదండలు వేసి, శాలువా కప్పి పంపారని విన్నాను. ఆ మొదటి పిల్ల ఏమైందో ఎవరూ నాకు చెప్పలేకపోయారు.

ఆ రెండేళ్ళూ నాకు ఏమీ తెలియలేదని చాలాకాలం అనుకున్నాను. తరవాత ఒకరోజు కూర్చుని గుర్తు తెచ్చుకుంటే ఏమి కనిపించిందో తెలుసా? ఆయన గదిలోకి వెళ్ళే ముందు పైటకు పిన్ను ఉందో లేదో చూసుకునేదాన్ని. మిగతా అధికారుల దగ్గరికి వెళ్ళేటప్పుడు చూసుకునేదాన్ని కాదు. లోపల ఫైలును రెండు చేతులతో గుండెకు ఆనించి పట్టుకుని నిలబడేదాన్ని. నా బస్సు ఆరింటికి. కానీ ఆయన క్యాంపుకు వెళ్ళని రోజులలో ఐదింటికే బయటపడి, గంటసేపు బస్టాపులో నిలబడేదాన్ని. బస్టాపు కన్నా ఆఫీసులో ఫ్యాను కింద కూర్చోవడం సుఖం కదా? ఎందుకు వెళ్ళేదాన్ని? నా మనసు ఒప్పుకోవడానికి రెండేళ్ళు ముందే నా కాళ్ళు గుర్తుపట్టాయి.

అందుకే నేను ఎక్కడికి వెళ్ళినా ఇదే అడుగుతాను. ఆయన ఏమన్నాడు, ఏమి చేశాడు అని తరవాత అడుగుతాను. ముందు మీరు చెప్పండి: ఈ ఆరు నెలలలో పనిచేసే చోట మీరు ఏమి మార్చుకున్నారు? ఏ దారిలో వెళ్ళడం మానేశారు? ఎవరు ఉన్నప్పుడు నీళ్ళ ఫిల్టరు దగ్గరికి వెళ్ళడం మానేశారు? ఏ రంగు చీర, ఏ డ్రెస్సు కట్టుకోవడం మానేశారు? ఎవరి డ్యూటీ ఉన్న రోజున తలనొప్పి అని సెలవు పెట్టారు? ఇంటికి వెళ్ళాక రాసుకోండి. ఆ జాబితాలో ఒకే మనిషి పేరు రెండుసార్లు వస్తే, దాన్ని "నా భయం" అని కొట్టిపారేయకండి.

ఇక్కడ నలుగురైదుగురు మగవారు కూడా వచ్చారు, సంతోషం. అన్నా, మీ పక్కన పనిచేసే అమ్మాయి కొంతకాలంగా దారి మార్చుకుందా, కుర్చీ మార్చుకుందా, అందరితో కలిసి టీకి రావడం మానేసిందా అన్నది మీరు చూడగలరు. ఆమె తనంతట తాను మీతో చెప్పకపోవచ్చు. కానీ ఆమె కూర్చునే చోటు మారడం మీకు కనిపిస్తుంది.

ఇక అవతలి మనిషి సంగతి. పిలుపుతో మొదలుపెడదాం. ఈ విషయంలో మన భాష మనకు ఒక సాయం చేస్తుంది. మనకు 'మీరు' ఉంది, 'నువ్వు' ఉంది. పెద్దవాళ్ళు చిన్నవాళ్ళను "ఏమ్మా, నువ్వు తిన్నావా" అంటారు, అందులో తప్పేమీ లేదు. మా నాన్నగారు కూరగాయలమ్మే ఆవిడను కూడా అలాగే పలకరించేవారు. నేను గమనించమనేది వేరు. నలుగురి ముందు "మీరు, గారు" అని, తలుపు వెనక "నువ్వు" అనే మనిషిని గమనించండి. ఒకే మనిషికి రెండు పిలుపులు ఎందుకు? ఆ రెండో పిలుపు నలుగురికీ వినిపించకూడదని ఎందుకు అనుకుంటున్నాడు? ఏ మాటైనా సరే, నలుగురి ముందు అనలేనిది మీ ఒక్కరితో అంటున్నాడంటే, అది తప్పని ఆయనకు మీకన్నా ముందే తెలుసు.

ఇంకొకటి. "నన్ను అన్నయ్య అని పిలవకు." చాలామంది తలలు ఊపుతున్నారు. మన ఆడపిల్లలు ఆ పిలుపును కంచెలాగా వాడుకుంటారు. వయసులో పెద్దవాడు, పరిచయం పెరుగుతోంది, ఎందుకైనా మంచిదని "అన్నయ్యా" అంటారు. కంచె తీసెయ్యమని అడిగే మనిషికి ఆ కంచెతో ఏమి ఇబ్బంది? అయితే ఇది కూడా చెప్పాలి. కమిటీల ముందుకు వచ్చిన ఫిర్యాదులలో, రోజూ అందరి ముందూ "చెల్లెమ్మా" అని నోరారా పిలిచినవారు ఉన్నారు. కాబట్టి వరస కలిపాడు కదా అని ధీమా పడకండి.

తరవాత సాయం. దీని గురించి మాట్లాడటం నాకు కష్టం, ఎందుకంటే పనిచేసే చోట నిజంగా సాయపడే మనుషులు ఎందరో ఉంటారు. ఆలస్యంగా వస్తే సర్దిపెట్టడం, జ్వరమొస్తే షిఫ్టు మార్చడం, ఫీజు కట్టాల్సిన నెలలో అడ్వాన్సు ఇప్పించడం. ఇవన్నీ ఉండాలి. మరి తేడా ఎలా తెలుస్తుంది? సాయం వెనక వచ్చే మాటతో తెలుస్తుంది. "ఎవరికీ చెప్పకు, నీకొక్కదానికే చేస్తున్నాను." అడ్వాన్సు దుకాణం లెక్కలో రాయకుండా సొంత జేబులో నుంచి తీసి ఇస్తాడు. నెల తిరగకుండానే "నీకోసం ఎంత చేశాను" అన్న మాట వస్తుంది. అవసరం పెద్దదైతే తీసుకోకుండా ఉండలేమని నాకు తెలుసు. తీసుకుంటే ఇంకొక మనిషికి తెలిసేలా తీసుకోండి. లెక్కలో రాయించండి. రాయడానికి ఆయన ఒప్పుకోకపోతే, అదే మీకు గుర్తు.

ఫోను గురించి ఎక్కువ చెప్పను, నాకన్నా మీకే బాగా తెలుసు. మొదట స్టాకు గురించి, డ్యూటీ గురించి ఉంటుంది. తరవాత "తిన్నావా." తరవాత రాత్రి పదిన్నరకు "పడుకున్నావా." ఇంట్లో ఎవరెవరు ఉన్నారు, మీ ఆయన ఊళ్ళో లేరా అన్నవి. స్టేటస్‌లో పెట్టిన ఫొటో మీద ఒక మాట. పంపి, మీరు చూశాక చెరిపేసిన మెసేజ్. ఈ చివరిదాన్ని గట్టిగా పట్టుకోండి. పొరపాటున పంపినవారు ఒకసారి చెరుపుతారు. రోజూ పంపి రోజూ చెరిపే మనిషి ఏమి చేస్తున్నాడో తెలిసే చేస్తున్నాడు. "ఈ మెసేజ్ తొలగించబడింది" అన్న గీత కూడా, తేదీతో, సమయంతో సహా పనికొస్తుంది. దాన్ని కూడా స్క్రీన్‌షాట్ తీసి ఉంచండి. అసహ్యమేసి చాట్ మొత్తం తీసేయకండి. ఇలా తీసేసి తరవాత బాధపడినవారిని ఎందరినో చూశాను.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. పని అనే సాకు. ఢిల్లీలో 1988లో జరిగిన సంగతి ఇది. ఎపారెల్ ఎక్స్‌పోర్ట్ ప్రమోషన్ కౌన్సిల్ అని దుస్తుల ఎగుమతులకు సంబంధించిన సంస్థ. అందులో ఛైర్మన్ ప్రైవేటు సెక్రటరీ ఒకరు, గుమాస్తాగా టైపు పనిచేసే ఒక అమ్మాయిని ఛైర్మన్ దగ్గర డిక్టేషన్ తీసుకోవాలని చెప్పి ఒక పెద్ద హోటల్లోని బిజినెస్ సెంటరుకు తీసుకెళ్ళాడు. ఆ అమ్మాయికి డిక్టేషన్ తీసుకోవడంలో శిక్షణే లేదు. అయినా రావలసిందేనని పట్టుబట్టాడు. అక్కడ పక్కకు జరిగి జరిగి కూర్చున్నాడు. ఆమె అభ్యంతరం చెప్పింది. ఆపలేదు. లిఫ్టులో కూడా ప్రయత్నించాడు. ఆమె ఎమర్జెన్సీ బటన్ నొక్కి తప్పించుకుంది.

విచారణ జరిగి ఆయనను ఉద్యోగం నుంచి తీసేశారు. ఆయన కోర్టుకు వెళ్ళాడు. ఢిల్లీ హైకోర్టు ఏమందంటే, ప్రయత్నించాడే కానీ నిజంగా తాకలేదు కదా, కాబట్టి ఉద్యోగం నుంచి తీసేయడం సరికాదు అంది. 1999 జనవరిలో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టివేసింది. ఒంటి మీద చేయి పడితేనే వేధింపు అనడం తప్పు అని చెప్పి, ఉద్యోగం నుంచి తీసేయడం సరైనదే అంది. 1988 నుంచి 1999 దాకా, పదేళ్ళకు పైగా పట్టింది.

ఈ కేసులో మొదటి గుర్తు ఏది? పక్కకు జరిగి కూర్చోవడం అంటారా? కాదమ్మా. దానికి చాలా ముందే ఉంది. రాని పని చేయమని పిలవడం. డిక్టేషన్ రాని మనిషిని డిక్టేషన్‌కు పిలిచాడు. ఎందుకు? ఇది మీకు రోజూ ఎదురవుతుంది. స్టాకు లెక్క చూడాల్సింది ఇద్దరు, మిమ్మల్ని ఒక్కరినే పిలుస్తారు. పగలు చేయగల పనిని దుకాణం మూసేవేళకు ఉంచుతారు. ఫోనులో చెప్పగల మాటకు గదికి రమ్మంటారు. "ఈ పనికి నేనే ఎందుకు? ఇప్పుడే ఎందుకు? ఇక్కడే ఎందుకు?" ఈ మూడింటికీ పనికి సంబంధించిన జవాబు లేకపోతే, అది పని కాదు.

మీరు నన్ను అడుగుతారు, మేడమ్, మంచి మనిషి పొరపాటున అన్న మాటకూ, ఈ మనిషి కావాలని అన్న మాటకూ తేడా ఎలా తెలుస్తుంది అని. మనిషి మంచివాడా చెడ్డవాడా అన్నది నాకు తెలియదు, తెలుసుకోవలసిన అవసరం మనకు లేదు కూడా. నేను చూసేది ఒక్కటే. చిన్న "వద్దు"కు ఏమి జరిగింది? "సార్, నాకు రాత్రిపూట మెసేజ్‌లు పెట్టకండి." "భుజం మీద చెయ్యి వెయ్యకండి." పొరపాటు చేసిన మనిషి సిగ్గుపడతాడు, క్షమించమంటాడు, మానేస్తాడు. మర్నాడు పని మామూలుగా సాగుతుంది. రెండో రకం మనిషి నవ్వుతాడు, "నువ్వు మరీ పల్లెటూరి పిల్లవి" అంటాడు. లేదా రెండు రోజులు మొహం ముడుచుకుంటాడు, మీరే వెళ్ళి బతిమాలాలన్నట్టు. లేదా భుజం మీద చెయ్యి మానేసి, కంప్యూటర్ మౌస్ మీద ఉన్న మీ చేతి మీద చెయ్యి పెడతాడు. ఒకటి వద్దంటే ఇంకొకటి మొదలుపెట్టాడంటే, మీరు ఎక్కడిదాకా ఊరుకుంటారో కొలుస్తున్నాడని అర్థం.

ఇక్కడ ఒక్క మాట స్పష్టంగా చెప్పాలి, ఎవరూ పొరపాటుగా తీసుకోకండి. "వద్దు" చెప్పడం మీ బాధ్యత అని నేను అనడం లేదు. చెప్పలేని పరిస్థితులు ఉంటాయి. జీతం ఆయన చేతిలో ఉంటుంది, నోరు పెగలదు. పనిచేసే చోట ఆడవారి మీద జరిగే లైంగిక వేధింపులను ఆపడానికి వచ్చిన 2013 చట్టం అడిగేది ఒక్కటే, అది మీకు ఇష్టం లేని ప్రవర్తనా కాదా అని. "అప్పుడే ఎందుకు అనలేదు, అనలేదంటే ఒప్పుకున్నట్టే కదా" అని ఏ కమిటీలో ఎవరు అన్నా, అది చట్టంలో లేని మాట. కమిటీలో కూర్చుని ఆ మాట అన్నవారితో నేను గట్టిగా వాదించాను. ఇక ముందు కూడా వాదిస్తాను.

"వద్దు" అన్న తరవాత వచ్చేదాన్ని వేధింపుగా గుర్తుపట్టడం అన్నిటికన్నా కష్టం, ఎందుకంటే అది పనిలో లోపాల రూపంలో వస్తుంది. ఒక ఉదాహరణ చెబుతాను. చట్టంలో 16వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదుదారు వివరాలు బయటపెట్టకూడదు, కాబట్టి ఊరు, వృత్తి, అంకెలు అన్నీ మార్చి చెబుతున్నాను. ఒక ఆసుపత్రి అనుకోండి. ఒక నర్సమ్మ, రెండేళ్ళ సర్వీసు, ఒక్క మెమో లేదు. ఇన్‌ఛార్జి కాఫీకి రమ్మన్నాడు, రానంది. అంతే. ఆ తరవాతి నెలలో ఆమెకు పదకొండు రాత్రి డ్యూటీలు పడ్డాయి. మిగతావారికి నాలుగు, ఐదు. ఇరవై రోజులలో మూడు మెమోలు వచ్చాయి. ఒకటి ఆలస్యానికి, ఒకటి రికార్డు సరిగా రాయనందుకు, ఒకటి రోగి బంధువులతో దురుసుగా మాట్లాడినందుకు. ఆమె మా ముందుకు వచ్చి ఏమన్నదో తెలుసా? "నా పనే ఈ మధ్య బాగాలేదండీ" అంది. తనను తానే అనుమానించుకుంటోంది. మేము డ్యూటీ రిజిస్టరు తెప్పించాం. నెల నెలా పక్క పక్కన పెట్టి చూశాం. కాఫీకి రానన్న తేదీకి ముందు ఒక రకంగా ఉంది, ఆ తేదీ తరవాత మరొక రకంగా ఉంది. ఎవరూ సాక్ష్యం చెప్పడానికి ముందుకు రాని చోట ఆ రిజిస్టరు సాక్ష్యం చెప్పింది.

ఉద్యోగానికి సంబంధించిన బెదిరింపు, మంచి చేస్తానన్న ఆశ, పని చేసుకోనివ్వని వాతావరణం, అవమానం: ఇవన్నీ లైంగిక వేధింపుతో ముడిపడి ఉన్నప్పుడు చట్టంలో 3వ సెక్షన్ కిందికి వస్తాయి. నిన్నటిదాకా బాగున్న మీ పని ఈ రోజు ఉన్నట్టుండి చెడిపోయిందంటే, మధ్యలో ఏ రోజున ఏమి జరిగిందో వెనక్కి వెళ్ళి చూసుకోండి.

మరి చుట్టూ ఉన్నవాళ్ళం ఏమంటాం? "ఆయన తత్వమే అంత." "సరదా మనిషి, మనసులో ఏమీ ఉండదు." "నువ్వే ఎక్కువ ఊహించుకుంటున్నావు." "సర్దుకుపోవాలమ్మా, ఎక్కడికి వెళ్ళినా ఇంతే." ఈ మాటలు నేను కూడా అన్నాను, చిన్నప్పుడు, ఒక స్నేహితురాలితో. ఇప్పటికీ సిగ్గుపడతాను. ఇలాంటి మాట అన్న ప్రతిసారీ మనం ఆ అమ్మాయి నోరు మూయించాం, ఆయనకు ఇంకొన్నాళ్ళు గడువు ఇచ్చాం.

భన్వరీ దేవి పేరు మీలో కొందరు విని ఉంటారు. రాజస్థాన్‌లో భటేరీ గ్రామం. ప్రభుత్వ మహిళాభివృద్ధి కార్యక్రమంలో 'సాథిన్' అనే చిన్న ఉద్యోగం. బాల్యవివాహాలు ఆపడం ఆమె పని. 1992 మేలో, ఏడాది కూడా నిండని ఒక పసిపాపకు పెళ్ళి చేయబోతుంటే ఆపడానికి వెళ్ళింది. ఆ తరవాత భన్వరీ కుటుంబాన్ని ఊరు వెలివేసింది. వారిది కుండలు చేసే కుటుంబం. వారి కుండలు కొనడం మానేశారు. పాలు పోయడం మానేశారు. భర్తను కొట్టారు. సెప్టెంబరులో, భర్త కళ్ళ ముందే ఆమె మీద సామూహిక అత్యాచారం చేశారు.

మే నుంచి సెప్టెంబరు దాకా లెక్కపెట్టండి. నాలుగు నెలలకు పైగా. ఆమె పని చేసినందుకే ఆమె మీద కక్ష కట్టారని ఆ ఊళ్ళో తెలియనివారెవరు? పాలు ఆపిన రోజున గుర్తు లేదా? ఎవరు ఆమె చేత ఆ పని చేయించారో, వారు ఆ నాలుగు నెలలూ ఏమి చేశారు? నేను ఈ కేసు గురించి మాట్లాడిన ప్రతిసారీ ఆ నాలుగు నెలల దగ్గరే ఆగిపోతాను. ఆ నేరంలో ట్రయల్ కోర్టు 1995లో నిందితులను వదిలేసింది. మహిళా సంఘాలు అప్పటికే సుప్రీంకోర్టుకు వెళ్ళి ఉన్నాయి. 1997 ఆగస్టు 13న వచ్చిన విశాఖ తీర్పు, మన విశాఖపట్నానికి దానికి సంబంధం లేదు, కోర్టుకు వెళ్ళిన సంఘం పేరు అది, ఆ తీర్పుతోనే పనిచేసే చోట ఆడవారికి రక్షణ కల్పించడం యజమాని బాధ్యత అని స్థిరపడింది. ఆ తరవాత పదహారేళ్ళకు, 2013లో చట్టం వచ్చింది. ఈ రోజు మీరు నేను ఇలా కూర్చుని మాట్లాడుకోగలుగుతున్నామంటే ఆ తల్లి కోర్టు మెట్లెక్కినందువల్ల.

చట్టం గురించి మీకు అక్కరకొచ్చేవి మాత్రం చెబుతాను. పదిమంది లేదా అంతకన్నా ఎక్కువమంది పనిచేసే ప్రతి చోటా అంతర్గత కమిటీ ఉండాలి. దానికి అధ్యక్షత వహించేది పై స్థాయి మహిళా ఉద్యోగి, సభ్యులలో కనీసం సగం మంది మహిళలు, బయటి నుంచి ఒక సభ్యురాలు లేదా సభ్యుడు. మీలో చాలామంది నలుగురైదుగురు పనిచేసే దుకాణాలలో ఉన్నారు. అక్కడ కమిటీ ఉండదు. లేదా మీ ఫిర్యాదు యజమాని మీదే. అలాంటివారి కోసం జిల్లాలో స్థానిక కమిటీ ఉండాలి. ఇళ్ళలో పనిచేసేవారు కూడా అక్కడికే వెళ్ళవచ్చు. సంస్థ ఏర్పాటు చేసిన వ్యాను, బస్సు, పనిమీద వెళ్ళిన ఊరు, ఇవన్నీ పనిచేసే చోటు కిందికే వస్తాయి. కాబట్టి "వ్యానులో జరిగింది, మాకు సంబంధం లేదు" అంటే నమ్మకండి.

గడువు మూడు నెలలు. ఇది గుర్తుపెట్టుకోండి. వరసగా జరిగినవైతే చివరిది జరిగిన రోజు నుంచి మూడు నెలలు. తగిన కారణం ఉంటే కమిటీ ఇంకొక మూడు నెలలు పొడిగించవచ్చు. ఫిర్యాదు రాతలో ఉండాలి. రాయడం రాకపోతే కమిటీవారే రాయడంలో సాయపడాలి, అది వారి విధి. రుజువు కాకపోతే అబద్ధపు ఫిర్యాదని శిక్షిస్తారని భయపెడతారు. రుజువు చేయలేకపోవడం వేరు, కావాలని అబద్ధం చెప్పడం వేరు అని చట్టంలోనే రాసి ఉంది.

గడువు లోపల చెప్పాలంటే మొదటి రోజు నుంచి రాసుకోవాలి. పిల్లల పాత నోటు పుస్తకం చాలు. తేదీ, వేళ, చోటు, అక్కడ ఇంకెవరు ఉన్నారు, ఆయన అన్న మాట అన్నట్టే. "అసభ్యంగా మాట్లాడాడు" అని రాయకండి. ఆ మాట రాయండి, చెయ్యి రాయనంటున్నా రాయండి. ఆ పుస్తకం పనిచేసే చోట ఉంచకండి, ఇంట్లో ఉంచండి. అదే రోజు ఒక స్నేహితురాలికి మెసేజ్‌లో చెప్పండి. ఆరు నెలల తరవాత అల్లిన కథ అని ఎవరూ అనలేరు. ప్రమాదం దగ్గరలో ఉందనిపిస్తే కమిటీ కోసం ఆగకండి, 112కు చేయండి. సలహా కావాలంటే మహిళల హెల్ప్‌లైను 181 ఉంది.

ఒక చీటీ వచ్చింది, చదువుతాను. "ఇంట్లో చెబితే ఉద్యోగం మానెయ్యమంటారు. చెప్పకపోతే భరించలేను. ఏమి చెయ్యాలి?"

ఎవరు రాశారో అడగను. ఈ చీటీ ప్రతి ఊళ్ళోనూ వస్తుంది, చేతిరాత మాత్రమే మారుతుంది. అమ్మా, దీనికి అందరికీ సరిపోయే జవాబు నా దగ్గర లేదు. ఇంట్లో ఎవరి దగ్గర మాట వినే ఓపిక ఉందో వారితో మొదలుపెట్టండి. మీకు అమ్మ కావచ్చు, ఆడపడుచు కావచ్చు. చెప్పే ముందే అనండి, "నేను చెప్పేది వినండి, ఉద్యోగం సంగతి నేను నిర్ణయించుకుంటాను" అని. ఇంకొకటి, మానేయడం ఒక్కటే దారి కాదని వారికి చెప్పండి. విచారణ సాగుతుండగా ఆయననైనా మిమ్మల్నయినా వేరే చోటికి మార్చమని, లేదా మీకు మూడు నెలల దాకా సెలవు ఇమ్మని కమిటీని అడగవచ్చు. ఆ సెలవు మీ మామూలు సెలవులకు అదనం. ఇది 12వ సెక్షన్. మీరు అడగాలి, రాతపూర్వకంగా అడగాలి.

రేపు సోమవారం. పనికి వెళ్ళగానే నోటీసు బోర్డు చూడండి. కమిటీని ఏర్పాటు చేసిన ఉత్తర్వు అందరికీ కనిపించే చోట పెట్టాలని చట్టం చెబుతోంది. ఉంటే అందులో బయటి సభ్యురాలి పేరు చూసి రాసుకోండి. లేకపోతే ఖాళీ బోర్డును ఫొటో తీసి ఉంచండి. కమిటీ వేయని యజమానికి 50,000 రూపాయల దాకా జరిమానా ఉంది. అప్పుడు ఎలా అడగాలో, ఎవరిని అడగాలో మనం కలిసి ఆలోచిద్దాం. ఎనిమిదింటి దాకా నేను ఆ పక్క గదిలో ఉంటాను. ఒక్కరే మాట్లాడాలనుకుంటే ఒక్కరే రండి, తోడు కావాలంటే తోడుతో రండి. చీటీ రాసిన అమ్మాయి తప్పకుండా రావాలి.